వాహన సందేహాలు: బరువైన క్లచ్‌ను మచ్చిక చేసుకోవడం

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సంగతిని నాలుగు వైపుల నుంచి అడిగాయి. ఇంజన్ శక్తి పెంచిన కార్లలో వేసే గట్టి క్లచ్‌తో బండి నడపడం ఎలా అన్నదే ఆ సంగతి. అందుకని ఈసారి మిగిలిన ప్రశ్నలను పక్కన పెట్టి, వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా బావ కెనడా వెళ్తూ తన పాత స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్‌ను నాకు అమ్మాడు. ఆయన ఇంజన్‌ను రీమ్యాప్ చేయించాక (అంటే ఇంజన్ కంప్యూటర్ అమరిక మార్పించి శక్తి పెంచాక) కంపెనీ క్లచ్ జారిపోవడం మొదలైందట. దాన్ని తీయించి, ఆరు బటన్ల (బిళ్లల) సెరామిక్ ప్లేటు, గట్టి ప్రెషర్ ప్లేటు, తేలిక ఫ్లైవీల్ వేయించాడు. నేను నాలుగేళ్లుగా వ్యాగన్ఆర్ నడుపుతున్నాను, ట్రాఫిక్‌లో ఎప్పుడూ ఇబ్బంది పడలేదు. ఈ కారు ఎక్కితే మాత్రం ఎల్ బోర్డు తగిలించుకున్న మొదటి రోజు గుర్తొస్తోంది. కదిలితే ఎగిరి దూకుతుంది, లేకపోతే ఇంజన్ ఆగిపోతుంది. మొన్న మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద మూడుసార్లు ఆగిపోయి వెనక్కి జారితే, వాచ్‌మన్ పరుగున వచ్చి చక్రం కింద రాయి పెట్టాడు. నా కాలికి బలం చాలడం లేదా? వ్యాయామం చేయాలా? (కూకట్‌పల్లి, హైదరాబాద్)

జవాబు: మీ కాలి బలానికి ఏ లోటూ లేదు. వ్యాగన్ఆర్‌లో మీ పాదం నేర్చుకున్న కొలతలు ఈ కారుకు సరిపోవడం లేదు, అంతే. చాలామంది ఇలాంటి క్లచ్‌ను బలంతో లొంగదీయాలని చూస్తారు. నిజానికి ఇక్కడ కావలసింది తొక్కే బలం కాదు, వదిలే నేర్పు. అది అర్థం కావాలంటే బానెట్ కింద ఏం మారిందో ముందు తెలియాలి. ఇంజన్‌తో పాటు తిరిగే చక్రం ఫ్లైవీల్. ప్రెషర్ ప్లేటు క్లచ్ ప్లేటును దానికి అదిమి పట్టినప్పుడు ఇంజన్ బలం గేర్‌బాక్స్‌కు చేరుతుంది, పెడల్ తొక్కితే ఆ పట్టు విడుతుంది.

క్లచ్ ఎంత టార్క్‌ను (ఇంజన్ తిప్పే బలాన్ని) జారకుండా మోయగలదన్నది నాలుగు అంశాల గుణకారం: ప్రెషర్ ప్లేటు బిగించే బలం, ప్లేటు పూత ఘర్షణ గుణకం (అది ఎంత గట్టిగా పట్టుకుంటుందన్న కొలత), ఆ పూత సగటు వ్యాసార్ధం, రాపిడికి లోనయ్యే ముఖాల సంఖ్య. ఉదాహరణకు 6000 న్యూటన్ల బిగింపు, 0.3 ఘర్షణ గుణకం, 95 మిల్లీమీటర్ల సగటు వ్యాసార్ధం, రెండు ముఖాలు అనుకుంటే ఆ క్లచ్ సుమారు 340 న్యూటన్ మీటర్ల వరకు మోస్తుంది. టర్బో ఇంజన్‌ను రీమ్యాప్ చేసినప్పుడు ముందుగా పెరిగేది టార్కే కనుక, కంపెనీ వారు వదిలిన వెసులుబాటు హరించుకుపోయి ప్లేటు జారడం మొదలవుతుంది. అప్పుడు బిగింపునైనా పెంచాలి, ఘర్షణనైనా పెంచాలి, లేదా ఒక ప్లేటుకు బదులు రెండు ప్లేట్లు పెట్టి ముఖాలనైనా పెంచాలి. పై లెక్కలోనే గుణకాన్ని 0.4 చేస్తే మోసే శక్తి 456కు చేరుతుంది, బిగింపును కూడా కలిపి పెంచితే ఇంకా పైకి పోతుంది. మీ బావగారు ఈ రెండూ ఒకేసారి చేయించారు. బిగింపు పెరిగినందువల్ల పెడల్ బరువెక్కింది, ఘర్షణ పెరిగినందువల్ల ప్లేటు పట్టుకుంటే గట్టిగానే పట్టుకుంటుంది. పైగా మూడో మార్పు ఒకటి ఉంది: బరువైన ఫ్లైవీల్ తనలో దాచుకున్న శక్తితో మన చిన్న చిన్న తప్పులను కాచుకుంటుంది, తేలిక ఫ్లైవీల్‌లో ఆ నిల్వ తక్కువ కాబట్టి పాదం కాస్త తడబడితే చాలు ఇంజన్ ఆగిపోతుంది.

మామూలు ప్లేటుకూ మీ ప్లేటుకూ ఇంకొక తేడా ఉంది, నా దృష్టిలో అసలు ముఖ్యమైనది అదే. మామూలు ప్లేటులో రెండు పూతల మధ్య అలలాగా వంచిన సన్నని ఉక్కు రేకులు ఉంటాయి. ప్రెషర్ ప్లేటు నొక్కే కొద్దీ అవి మెల్లగా చదునవుతూ, పట్టును కొంచెం కొంచెంగా పెంచుతాయి. ఆ రేకులు కుదించుకునే దూరం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ మాత్రమే అయినా, పెడల్ దగ్గరికి వచ్చేసరికి అదే మూడు నాలుగు వేళ్ల వెడల్పు అవుతుంది. బటన్ ప్లేట్లలో చాలావాటికి ఈ మెత్తదనం ఉండదు. అందుచేత మీకు దొరికే చోటు ఒక వేలి మందం. వ్యాగన్ఆర్‌లో మీ పాదానికి విశాలమైన మెట్టు ఉండేది, ఇప్పుడు నిచ్చెన బద్ద మీద నిలబడాలి. సెరామిక్ బటన్ల సంగతి మన పల్లెల్లో కొత్తేమీ కాదు. చాలా ట్రాక్టర్ల క్లచ్‌లలో ఇవే ఉంటాయి. నిండు ట్రక్కు తగిలించిన ట్రాక్టరు ఒక్క కుదుపుతో కదలడాన్ని మీరు చూసే ఉంటారు. అక్కడ దాన్ని ఎవరూ తప్పు పట్టరు, కారులో మాత్రం పక్క సీట్లో అమ్మ ఉంటుంది.

ఇక సాధన విషయానికి వద్దాం. ముందు సీటు సరిచేసుకోండి. పెడల్‌ను నేల దాకా తొక్కినప్పుడు కూడా మోకాలు కాస్త వంగి ఉండాలి, నడుము సీటుకు ఆనే ఉండాలి. కాలు పూర్తిగా చాచి తొక్కేంత దూరంలో కూర్చుంటే వదిలేటప్పుడు పాదం మీద అదుపు ఉండదు. హవాయి చెప్పులు, మందపాటి అడుగు ఉన్న స్పోర్ట్స్ బూట్లు వద్దు, పలుచని గట్టి అడుగున్న బూట్లు వేసుకోండి. ఆ వేలి మందం చోటు పాదానికి తెలియాలంటే మధ్యలో దూది పరుపు ఉండకూడదు.

తొక్కడం తొడతో, వదలడం చీలమండతో జరగాలి. తొక్కేటప్పుడు కాలంతా కదిలినా, వదిలేటప్పుడు పట్టు దొరికే ఎత్తుకు వచ్చేసరికి మడమ నేలకు ఆని ఉండి, పాదం ముందు భాగం మాత్రమే పైకి లేవాలి. గాలిలో వేలాడే పాదాన్ని మిల్లీమీటర్ల లెక్కన కదపడం ఎవరి వల్లా కాదు. మడమ ఆనినప్పుడు చీలమండే తిరుగుడు కీలుగా పనిచేసి, ఆ సన్నని కదలిక సాధ్యమవుతుంది. మీ కారు పెడల్ ఎత్తుకు మడమ ఆనకపోతే సీటును ఒక గాడి ముందుకు జరిపి చూడండి.

ప్రెషర్ ప్లేటులోని డయాఫ్రం స్ప్రింగుకు ఒక విచిత్రమైన గుణం ఉంది. తొక్కుతున్న కొద్దీ బరువు పెరిగి, ఒక శిఖరం దాటాక మళ్లీ తగ్గుతుంది. అందువల్ల పెడల్ నేలకు ఆనినప్పుడు పాదానికి హాయిగానే ఉంటుంది, పైకి వదులుతున్నప్పుడు మధ్యలో హఠాత్తుగా స్ప్రింగు పాదాన్ని ఎదురు తోస్తుంది. సరిగ్గా ఆ ప్రాంతంలోనే పట్టు కూడా మొదలవుతుంది. అలసిన కాలు ఆ తోపుకు లొంగి పైకి లేచిపోవడమే మీ కారు ఎగిరి దూకడానికి కారణం. ఇది తెలిసిన తర్వాత, ఆ తోపు వచ్చే చోటును ముందే ఊహించి పాదాన్ని ఆపడం అలవాటవుతుంది.

ఆదివారం తెల్లవారుజామున మీ కాలనీలో ఖాళీగా ఉండే చదునైన లోపలి రోడ్డు ఒకటి చూసుకోండి. ఇంజన్ వేడెక్కాక మొదటి గేరు వేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, పాదాన్ని నెమ్మదిగా లేపండి. ఇంజన్ శబ్దం కాస్త బరువెక్కి, కారు ముందు భాగం ఊపిరి పీల్చినట్టు చిన్నగా కదిలిన క్షణంలో పాదాన్ని ఆపి, మళ్లీ తొక్కేయండి. కారును ముందుకు పోనివ్వవద్దు. ఈ పని ముప్పైసార్లు చేయండి, మధ్యలో ప్లేటు చల్లారడానికి రెండు మూడు విరామాలు ఇవ్వండి. ఈ ముప్పైలో పదిసార్లు ఇంజన్ ఆగిపోతే సిగ్గుపడవద్దు. ఇరవై దాటాక పట్టు దొరికే చోటును కన్ను, చెవి కంటే ముందు మీ పాదమే కనిపెడుతుంది.

రెండో రోజు కొంచెం రేజ్ ఇచ్చి కదలడం మొదలుపెట్టండి. నిమిషానికి 1200 నుంచి 1500 చుట్ల దగ్గర ఇంజన్ చుట్ల మీటరు ముల్లును నిలబెట్టి, పాదాన్ని పట్టు దాకా తెచ్చి, కారు నడక వేగం అందుకునే వరకు ఆ ఒకటి రెండు సెకన్లు అక్కడే ఉంచి, ఆ తర్వాత పూర్తిగా వదలండి. ఎగిరి దూకే కార్లన్నింటిలోనూ లోపించేది ఆ ఒకటి రెండు సెకన్ల ఆగుదలే.

ఇక్కడ చాలామంది ఇంజన్ ఆగిపోతుందన్న భయంతో 3000 దాకా రేజ్ ఇస్తారు. అది ఎంత ఖరీదైన భయమో లెక్క వేసి చూపిస్తాను. మీ కారు మీతో కలిపి సుమారు 1400 కిలోలు, మొదటి గేరులో మొత్తం నిష్పత్తి 13 అనుకుందాం. 1200 చుట్ల దగ్గర క్లచ్ పూర్తిగా కలిస్తే అప్పటికి కారు వేగం గంటకు సుమారు 11 కిలోమీటర్లు. ఆ వేగానికి కారు సంపాదించిన చలన శక్తి ఎంతో, ఇంచుమించు అంతే శక్తి ప్లేటులో వేడిగా మారుతుంది. అది సుమారు 6 కిలోజౌళ్లు. అదే పని 3000 చుట్ల దగ్గర చేస్తే వేడి 40 కిలోజౌళ్లకు చేరుతుంది. చుట్లు రెండున్నర రెట్లు పెరిగితే వేడి ఆరు రెట్లు దాటింది, ఎందుకంటే ఇక్కడ లెక్క వర్గంలో నడుస్తుంది. సెరామిక్ బటన్లు ఆ వేడిని కొంతవరకు తట్టుకుంటాయి కానీ, ఫ్లైవీల్ ముఖం తట్టుకోదు. దాని మీద నీలం మచ్చలు పడ్డాక ఎంత నేర్పరి నడిపినా కారు వణుకుతుంది.

మీ సెల్లార్ ర్యాంపు గురించి విడిగా చెప్పాలి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల ర్యాంపులు మనం రోజూ ఎక్కే ఏ ఫ్లైఓవర్ కంటే నిటారుగా ఉంటాయి, పైన గేటు దగ్గర ఆగి రోడ్డు చూసుకోక తప్పదు. అక్కడ క్లచ్ మీద కారును నిలబెట్టే హాఫ్ క్లచ్ అలవాటును వెంటనే మానుకోండి. హ్యాండ్ బ్రేక్ లాగి, బటన్ నొక్కి ఉంచి, 1500 దాకా రేజ్ ఇచ్చి, పాదాన్ని పట్టు దాకా తెండి. కారు వెనక భాగం కొద్దిగా కుంగినట్టు, హ్యాండ్ బ్రేకుతో పెనుగులాడుతున్నట్టు తెలుస్తుంది. అప్పుడు బ్రేకు వదలండి. కారు ఒక్క అంగుళం కూడా వెనక్కి రాదు. లైసెన్సు పరీక్షలో ఎక్కుడు మీద ఆపి, జారకుండా కదిలించమనేది ఈ పాఠం కోసమే. పరీక్ష పాసయ్యాక అందరం దాన్ని మరిచిపోతాం. ర్యాంపు మీద రివర్సులో ఎక్కవలసి వస్తే మాత్రం మొదటి పదిహేను రోజులు ఎవరినైనా వెనక నిలబడి చూడమనండి. వాచ్‌మన్ గారి రాయిని కూడా అప్పుడే తీసేయించకండి.

కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీ వైపు సాయంత్రపు రద్దీలో, ముందు కారుకూ మీకూ మధ్య కారు పొడవంత ఖాళీ వదలండి. మొదటి గేరులో యాక్సిలరేటర్ లేకుండా మీ కారు గంటకు ఏడు కిలోమీటర్ల వేగంతో దానంతటదే పాకుతుంది, ఆ ఖాళీ ఉంటే సగం సార్లు క్లచ్ తొక్కవలసిన పనే ఉండదు. ఆ ఖాళీలో ఆటో దూరుతుందంటారా, దూరనివ్వండి. ప్లేటు మార్పించే ఖర్చుతో పోలిస్తే ఆటోకు దారి ఇవ్వడం చౌక. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ వేసి కాలు తీసేయండి. గట్టి ప్రెషర్ ప్లేటు ఉన్న కారులో క్లచ్ తొక్కి పట్టుకున్నంతసేపూ క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్‌తో పాటు, ఇంజన్ ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్ట్ థ్రస్ట్ బేరింగ్ మీద కూడా ఆ బరువంతా పడుతుంది. మొదటిది పోతే గేర్‌బాక్స్ దింపితే సరిపోతుంది, రెండోది పోతే ఇంజన్ విప్పాలి.

న్యూట్రల్‌లో క్లచ్ వదిలి ఉంచినప్పుడు గేర్‌బాక్స్ లోంచి గులకరాళ్లు కదిలినట్టు శబ్దం వస్తూ, తొక్కగానే ఆగిపోతోందా? తేలిక ఫ్లైవీల్‌కు అది సహజం, దానికి మందు లేదు. ఒక సంగతి మాత్రం షెడ్డులో చూపించండి: మీ కారులో క్లచ్‌కూ బ్రేకుకూ ద్రవం ఒకే డబ్బాలోంచి వెళ్తుంది. బరువైన పెడల్ పాత సీళ్లను త్వరగా అరగదీస్తుంది కాబట్టి ఆ డబ్బాలో మట్టం తగ్గుతోందేమో వారానికొకసారి చూడండి. తగ్గితే అది క్లచ్ సమస్యే కాదు, బ్రేకు సమస్య కూడా.

ప్రశ్న: నా ఫియట్ అబార్త్ పుంటోకు గట్టి ప్రెషర్ ప్లేటు, మామూలు రకం ఆర్గానిక్ ప్లేటు వేయించాను. 800 కిలోమీటర్ల వరకు జాగ్రత్తగా నడపాలి, ఆ తర్వాత ఎలాగైనా నడుపుకోవచ్చని షెడ్డులో చెప్పారు. ఆ లెక్క త్వరగా పూర్తి చేద్దామని ఒక శనివారం హైదరాబాద్ వెళ్లి ఆదివారం తిరిగి వచ్చాను. ఇప్పుడు 1300 కిలోమీటర్లు దాటింది. అయినా సింహాచలం కొండ ఎక్కేటప్పుడు మలుపుల్లో కదిలిస్తే కారంతా వణుకుతోంది, కాలిన వాసన వస్తోంది. తప్పు నాదా, షెడ్డుదా? (మురళీనగర్, విశాఖపట్నం)

జవాబు: మీ ఉత్తరం చదివి కాసేపు నవ్వుకున్నాను, మన్నించండి. కొత్త క్లచ్‌కు కిలోమీటర్లు చెప్పడం మన సౌకర్యం కోసం. అసలు లెక్క ఎన్నిసార్లు కదిలించి ఎన్నిసార్లు ఆపారన్నదే. కొత్త పూత ముఖం, కొత్తగా సానపట్టిన ఫ్లైవీల్ ముఖం ఒకదానికొకటి పూర్తిగా ఆనవు, ఎత్తుగా ఉన్న చుక్కలే ముందు తగులుతాయి. నెమ్మదిగా, తక్కువ వేడితో కొన్ని వందల సార్లు జారి కలిస్తే ఆ చుక్కలు అరిగి, ముఖమంతా సమంగా ఆనుతుంది. జాతీయ రహదారి మీద ఐదో గేరులో పోతున్నప్పుడు ప్లేటు, ఫ్లైవీలు ఒకే ముద్దగా తిరుగుతుంటాయి, వాటి మధ్య రాపిడే ఉండదు. మీరు వెళ్లివచ్చిన 1200 పైచిలుకు కిలోమీటర్లలో క్లచ్ నిజంగా పనిచేసింది టోల్ గేట్ల దగ్గర, టీ కోసం ఆగిన చోట్ల, రెండు ఊళ్ల ట్రాఫిక్‌లోనే.

ఇప్పుడు మీ క్లచ్ ఇంకా పచ్చిగానే ఉందనుకుని మొదలుపెట్టండి. రెండు మూడు వారాలు కొండ జోలికి పోకుండా, బీచ్ రోడ్డు, ఆశీల్‌మెట్ట, ద్వారకానగర్ వంటి సిగ్నళ్లున్న దారుల్లో 1500 చుట్లు దాటకుండా కదిలిస్తూ, టర్బో పూర్తి బలం అడగకుండా నడపండి. చాలా వణుకులు ఇంతటితో తగ్గుతాయి. వాసన వచ్చిన రోజు బండిని పక్కకు ఆపి నీళ్లు చల్లమని ఎవరైనా చెబితే వినవద్దు. క్లచ్ పూర్తిగా వదిలి, రెండో మూడో గేరులో స్థిరంగా పది నిమిషాలు పోనిస్తే, ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేటు తిరుగుతూ తమ వేడిని తామే వదిలించుకుంటాయి.

అప్పటికీ వణుకు పోకపోతే తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి మీరే కొన్ని పరీక్షలు చేయవచ్చు. ఖాళీ రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంలో నాలుగో గేరు వేసి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. కారు వేగం పెరగకుండా ముల్లు మాత్రమే పైకి పోతే క్లచ్ జారుతోంది. కారు నిలబడి ఉండగా క్లచ్ నేల దాకా తొక్కి, మూడు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. కరకరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు, అంటే హైడ్రాలిక్ గొట్టంలో గాలి చేరి ఉండవచ్చు, లేదా కొత్త ప్రెషర్ ప్లేటు బరువుకు పాత రబ్బరు గొట్టం ఉబ్బుతూ ఉండవచ్చు. ఈ రెండూ సరిగా ఉండి, చల్లగా ఉన్నప్పుడు కూడా ప్రతిసారీ ఒకే తీరుగా వణికితే, షెడ్డు వారిని రెండు ప్రశ్నలు అడగండి: ఫ్లైవీల్‌ను సాన పట్టించారా లేక పాత ముఖం మీదే కొత్త ప్లేటు బిగించారా? ప్లేటు మీద గ్రీజు గానీ, వెనక సీలు నుంచి కారిన ఆయిల్ గానీ పడలేదని చూశారా? ఒక్క వేలిముద్ర గ్రీజు చాలు పూతను పాడుచేయడానికి. ఇంజన్ మౌంటు రబ్బర్లు చితికినా ఇలాగే వణుకుతుంది, అది తేలికగా చూడగలిగేది కాబట్టి గేర్‌బాక్స్ దింపక ముందే చూడమనండి.

తప్పు ఎవరిదన్నారు. ఇప్పటికి సగం మీది. మిగతా సగం ఈ పరీక్షల తర్వాత తేలుతుంది.

ప్రశ్న: మేము డల్లాస్ దగ్గర ఉంటాం. 2019 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ మాన్యువల్ కొన్నాను, ముందు యజమాని ఇంకా గట్టి ట్విన్ డిస్క్ (రెండు ప్లేట్ల) క్లచ్ వేయించాడు. ఇక్కడ అందరివీ ఆటోమేటిక్ కార్లే కాబట్టి నేర్పేవారు దొరకలేదు. మా నాన్నగారు నరసరావుపేటలో ముప్పై ఏళ్లు లారీ తోలారు. మమ్మల్ని చూడడానికి వచ్చి, నా అవస్థ చూసి, "డబుల్ క్లచ్ కొట్టరా, వెన్నలా పోతుంది" అంటున్నారు. యూట్యూబ్‌లో అయితే అది పాతకాలం పద్ధతి అంటున్నారు. ఎవరి మాట వినాలి? (ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: డబుల్ క్లచ్ విషయంలో యూట్యూబ్ మాట, మిగతా విషయాలన్నింటిలో నాన్నగారి మాట వినండి.

పళ్ల చక్రాల వేగాలను తానే కలిపే సింక్రోమెష్ ఏర్పాటు లేని పాత గేర్‌బాక్స్‌లలో, గేరు మారాలంటే రెండు పళ్ల చక్రాల వేగాలను నడిపేవాడే కలపాలి. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తేవడం, వదిలి రేజ్ ఇవ్వడం, మళ్లీ తొక్కి కింది గేరు వేయడం, అంటే డబుల్ క్లచ్, అందుకోసమే. మీ కారులో ఆ పనిని సింక్రో రింగులు చేస్తాయి. అంత బరువైన పెడల్‌ను ప్రతి గేరుకూ రెండుసార్లు తొక్కితే మీ ఎడమ కాలికి పని రెట్టింపు కావడం తప్ప లాభం లేదు. కింది గేరుకు దిగేటప్పుడు మాత్రం ఆయన పద్ధతిలో సగం మీకు పనికొస్తుంది: క్లచ్ తొక్కి ఉంచే ఒక్క చిటికె రేజ్ ఇచ్చి, ముల్లు పైకి లేచినప్పుడు వదలండి. అప్పుడు గట్టి క్లచ్ కూడా కుదుపు లేకుండా కలుస్తుంది.

ముప్పై ఏళ్లు లారీ తోలిన మనిషికి తెలిసిన అసలు విద్య ఇంజన్ శబ్దాన్ని బట్టి పాదాన్ని కదపడం. నిండు లోడుతో ఘాట్ రోడ్డు మలుపులో ఆగి కదిలిన వారికి పట్టు దొరికే చోటును ఎవరూ చెప్పనక్కర్లేదు. లారీలకు గాలి బలంతో సాయం చేసే క్లచ్ బూస్టర్లు రాకముందు వారి కాళ్లు మోసిన బరువు మీ మస్టాంగ్ పెడల్ కంటే తక్కువేమీ కాదు. ఆయనను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, ఖాళీ పార్కింగ్ స్థలంలో కదిలించండి. ముల్లు చూడకుండా, "ఇప్పుడు" అని ఆయన అన్నప్పుడు మాత్రమే పాదం ఆపండి. గంటలో తేడా తెలుస్తుంది.

మీ కారు గురించి రెండు మాటలు. 2018 నుంచి మస్టాంగ్ జీటీకి కంపెనీయే రెండు ప్లేట్ల క్లచ్ ఇస్తోంది, అంటే రెండు ప్లేట్లు ఉండడం వల్లనే క్లచ్ మొరటుగా మారదు. నిజానికి మోసే శక్తిని పెంచుతూనే పెడల్‌ను తేలికగా ఉంచగల మార్గం అదే, ఎందుకంటే రాపిడి ముఖాలు రెండు నుంచి నాలుగు అయినప్పుడు అంత బిగింపు అవసరం ఉండదు. కాబట్టి మీ ముందు యజమాని వేయించిన దానిలో పూత ఏ రకమో ఆయన దగ్గర బిల్లు ఉంటే కనుక్కోండి. ఆర్గానిక్ అయితే ఓపిక పట్టండి, అలవాటవుతుంది. రెండోది, కాలుష్య నియంత్రణ కోసం ఈ కాలపు ఇంజన్లలో యాక్సిలరేటర్ వదిలాక కూడా ముల్లు వెంటనే దిగదు. మొదటి గేరు నుంచి రెండుకు వెళ్లేటప్పుడు మీరు తొందరపడి క్లచ్ వదిలితే వచ్చే కుదుపు అందువల్లే. ఒక అర సెకను ఆలస్యంగా వదలండి.

నాన్నగారు వీధిలోకి తీసుకెళ్లి నడిపి చూపిస్తానంటే, ముందు మీ బీమా పాలసీలో అందుకు వీలుందో లేదో చూసుకోండి. తోలడం మర్చిపోతారనే భయం మాత్రం వద్దు.

ప్రశ్న: మా అబ్బాయి తన కారుకు బరువైన క్లచ్ వేయించాడు. వాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లాక ఆ కారును స్కూలుకు నేనే తీసుకువెళ్తున్నాను. నెల రోజులకే ఎడమ మోకాలు నొప్పి మొదలైంది. అలవాటైతే తగ్గుతుందని వాడు అంటున్నాడు. నిజమేనా? (గుంటూరు)

జవాబు: కాదమ్మా. కొత్త పెడల్‌కు మొదటి వారం తొడ కండరాలు నొప్పెడితే అది అలవాటుతో పోతుంది. కీలులో నొప్పి అలా పోదు, దాన్ని ఎముకల వైద్యునికి చూపించాలి. సీటును ఒక గాడి ముందుకు జరపండి, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ వేసి కాలు దింపండి. ఈ రెండింటితో కొంత ఉపశమనం దొరుకుతుంది కానీ, అవి చికిత్స కాదు.

మీ అబ్బాయికి నా మాటగా ఒకటి చెప్పండి. కార్లలో బటన్ క్లచ్‌లు తగినవి డ్రాగ్ రేసులకు, ర్యాలీలకు. అక్కడ కారు రోజుకు కొన్నిసార్లు మాత్రమే నిలబడిన చోటు నుంచి కదులుతుంది, గుంటూరు బ్రాడీపేట మీదుగా స్కూలుకు వెళ్లే కారు అరగంటలో అంతకు పదింతలు సార్లు కదులుతుంది. నాకు తెలిసి ఇలాంటి క్లచ్ వేయించుకున్న పది మందిలో ఏడెనిమిది మందికి గట్టి ప్రెషర్ ప్లేటుతో ఆర్గానిక్ ప్లేటు సరిపోయేది. నేను కూడా ఒకప్పుడు ఆ పది మందిలో ఒకణ్ని. బటన్ ప్లేటు వేయించిన నా పాత జీపు రైల్వే గేటు దగ్గర ఏడుసార్లు ఆగిపోయి, వెనక నిలిచిపోయిన ఆర్టీసీ బస్సు డ్రైవరు దిగి వచ్చి, నన్ను పక్కకు జరగమని, తానే నడిపి గేటు దాటించాడు. ఆ వారంలోనే ప్లేటు మార్పించాను.

విప్పిన కంపెనీ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, ఫ్లైవీల్ మీ ఇంట్లోనే ఎక్కడో గోనె సంచిలో ఉండవచ్చు, అడగండి. దొరికితే ప్లేటు మందం కొలిపించి, ఫ్లైవీల్‌ను సాన పట్టించి, ఆ మూడింటినీ కలిపే తిరిగి బిగించమనండి. పాత ప్లేటును కొత్త బరువైన ప్రెషర్ ప్లేటు కింద పెడితే మీ మోకాలికి ఏ మేలూ జరగదు. రీమ్యాప్ చేసిన ఇంజనైతే దాన్ని కూడా కంపెనీ అమరికకు తెప్పించమనండి, లేకపోతే తేలిక క్లచ్ మళ్లీ జారుతుంది. అబ్బాయి ఒప్పుకోకపోతే, సెలవులకు వచ్చినప్పుడు ఉదయం ఎనిమిదిన్నరకు అరండల్‌పేట నుంచి మీ స్కూలు దాకా వాణ్నే నడపమని, మీరు పక్కన కూర్చోండి.